అమ్ముడుపోని ముత్యాలు

మొదటి కంపెనీ సెలెక్షన్ లిస్టు వచ్చిన రోజు, అందులో నా పేరు లేదు. రెండు రోజులు రూమ్‌లోంచి బయటికి రాలేదు. ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్స్ బలవంతంగా జమ్మలమడుగు బస్సెక్కించి గండికోటకు తీసుకెళ్లారు.

పెన్న లోయ అంచున అందరూ సెల్ఫీలు దిగుతుంటే నేనో బండ మీద కూర్చున్నా. చరిత్ర పిచ్చి ఉన్న మా వాడొకడు పక్కన చేరి, నీలాగే ఒకాయన ఈ కోటకొచ్చి పని కాకుండా వెళ్లిపోయాడ్రా అన్నాడు. ఆయన పేరు టావెర్నియే. హాస్టల్‌కు తిరిగొచ్చాక ఆయన గురించి వెతికి చదివాను.

జాన్ బాప్తిస్త్ టావెర్నియే 1605లో పారిస్‌లో పుట్టాడు. తండ్రిది మ్యాపుల వ్యాపారం. ఇంటికొచ్చే పండితులు దూరదేశాల గురించి మాట్లాడుకుంటుంటే వింటూ పెరిగిన పిల్లాడికి ఊళ్లు తిరగాలన్న కోరిక చిన్నప్పుడే పట్టుకుంది. పెద్దయ్యాక నగల వ్యాపారిగా ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణం చేశాడు.

1652లో ముత్యాలు, నగలు వెంటబెట్టుకొని మచిలీపట్నంలో ఓడ దిగాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మాలని ఆయన ఆలోచన. కానీ ఆ సరుకును ముందుగా మీర్ జుమ్లా చూడాలి. పర్షియాలో ఒక నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి గోల్కొండ రాజ్యంలో అంత ఎత్తుకు ఎదిగిన మనిషి ఆయన. పెమ్మసాని నాయకుల చేతిలోంచి గండికోటను గెలుచుకొని అప్పుడు ఇక్కడే ఉన్నాడు. దాంతో టావెర్నియే మద్రాసు మీదుగా ఇంత దూరం రావాల్సొచ్చింది.

వచ్చినవాడు కళ్లు తెరుచుకొని చూశాడు. కొండ అంచునున్న ఇరుకు దారిని, కింద పారే నదిని రాసుకున్నాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు పెట్టుకొని, ఒక్కొక్కటే తీస్తూ జవాబులు చెప్పి రాయించడం కూడా వదల్లేదు. ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి కరిగించిన సంగతీ రాశాడు. మాధవరాయ స్వామి గుడిలో ఖాళీ గర్భగుడి ముందు ఫోటో తీసుకొని వచ్చేశాను నేను. అది చదివాక ఆ ఫోటోను ఇంకోసారి చూడాల్సొచ్చింది.

ఇక్కణ్ణుంచి ఆయన గోల్కొండ వెళ్లాడు. అక్కడ ధరలు మరీ ఎక్కువ చెబుతున్నాడని దర్బారు మనిషొకడు అన్న మాటకు కోపమొచ్చి, సరుకు తీసుకొని సూరత్ దారి పట్టాడు. అన్ని నెలలు తిరిగింది బేరం కాకుండానే ముగిసింది.

తర్వాత మంచి రోజులూ వచ్చాయి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి పెద్ద నీలి వజ్రాన్ని అమ్మాడు, స్విట్జర్లాండ్‌లో జమీ కొన్నాడు. 1676లో యాత్రల పుస్తకం అచ్చయింది. ముసలితనంలో, నమ్మి సరుకు అప్పజెప్పిన బంధువు వల్ల బాగా నష్టపోయి, జమీ అమ్ముకున్నాడు. ఎనభై దాటాక కూడా మళ్లీ తూర్పుకు బయల్దేరి, 1689లో రష్యాలో కన్నుమూశాడు.

ఆయన్ను మహాత్ముడని నేననను. లాభం కోసం తిరిగిన వ్యాపారి, ముక్కు మీద కోపం కూడా ఉంది. కానీ ఆ ముత్యాలను చివరికి ఎవరు కొన్నారో ఇవాళ ఎవరికీ పట్టదు. బేరం పోయిన ప్రయాణంలో ఆయన చూసి రాసుకున్నదే, 1652 నాటి గండికోట ఎలా ఉండేదో మనకు చెబుతోంది.

నేనైతే ఇంటర్వ్యూలో ఏమేం అడిగారో కూడా మర్చిపోవాలనుకున్నా. ఆ రాత్రి నోట్‌బుక్ తీసి, జవాబు రాక తడబడ్డ మూడు ప్రశ్నలు గుర్తు తెచ్చుకొని రాశాను. రెండింటికి జవాబులు దొరికాయి. మూడోదాని కోసం రేపు మా సార్‌ను కలవాలి.