డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నాయకుడు అనగానే వేదికపై నిలిచి గంభీరంగా ప్రసంగించే వ్యక్తి మన కళ్ల ముందు మెదులుతాడు. నలుగురిలో మాట్లాడడానికి బిడియపడేవారు నాయకులు కాలేరని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం సరికాదని తన జీవితంతో నిరూపించిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. అనారోగ్యం వల్ల తండ్రి ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది. సుబ్బారావుకు మొదట చదువుపై మనసు నిలవలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. తల్లి పట్టు విడువలేదు. ఆయన మద్రాసు చేరి, తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. తరువాత మెరీనా తీరాన ఉన్న ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చెన్నైలో ఉండే విద్యార్థులకు ఇవన్నీ తెలిసిన చోట్లే.

అది గాంధీజీ పిలుపు విని ప్రజలు విదేశీ వస్త్రాలను బహిష్కరిస్తున్న కాలం. సుబ్బారావు ఖద్దరు అంగీ తొడుక్కొని శస్త్రచికిత్స తరగతికి వెళ్లేవారు. ఇది ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ రాలేదు. ఆయన ఎవరితోనూ వాదులాడలేదు. మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించసాగారు.

ఆ సంవత్సరాల్లోనే స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఇటువంటి వ్యాధులకు మందు కనిపెట్టాలన్న కోరిక ఆయనలో బలపడింది. మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ప్రోత్సాహంతోను 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పనికి కూడా వెనుదీయలేదు.

హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన పరిశోధనలు సాగించారు. రక్తంలోను, కణజాలంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావు డాక్టరేటు పొందారు.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి దొరకలేదు. అప్పటికి నలభై అయిదేళ్లు. సుమారు పద్దెనిమిదేళ్ల శ్రమ తరువాత ఆ విద్యాలయాన్ని విడిచి, 1940లో లెడర్లే అనే మందుల సంస్థలో చేరారు. మరొకరైతే నిరాశతో కుంగిపోయేవారే. సుబ్బారావు తన కాలేయ పరిశోధనను అక్కడ కొనసాగించారు. ఆ పని చూసిన సంస్థ రెండేళ్లకే ఆయనను పరిశోధన విభాగానికి అధిపతిని చేసింది.

సుబ్బారావు పదవి వచ్చాక కూడా తన స్వభావాన్ని మార్చుకోలేదు. రసాయన శాస్త్రజ్ఞులను, జీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒక్కచోట చేర్చి, ఏ సమస్య ఎవరు పరిష్కరించగలరో గుర్తించి వారికి అప్పగించారు. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన వృద్ధుడు బెంజమిన్ డగ్గర్‌కు ఆ విభాగంలో చోటు దొరికింది. మట్టి నమూనాలను పరీక్షించి డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించిన పత్రంలో అధిపతి పేరు మొదట లేదు. అనేకమంది సహచరుల పేర్ల నడుమ అదీ ఒకటిగా ఉంది. ఆ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ వ్యాధికి మందుగా ఉపయోగపడింది. తన సోదరులను కాపాడుకోలేకపోయిన వాడు ఎందరి సోదరులనో కాపాడాడు.

బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషి ఫలితమే. మన దేశంలో ఆ మందును నేటికీ వాడుతున్నారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్ ఉన్న పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు అది నాంది అయింది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్ ప్రాంతంలో నిద్రలో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. భార్య శేషగిరిని, కన్నతల్లిని విడిచి వెళ్లిన ఆయన తిరిగి స్వదేశం చేరలేకపోయారు. పత్రికలకు, సన్మానాలకు దూరంగా బ్రతికినందువల్ల ఆయన పేరు చాలామందికి తెలియలేదు. 1995లో, శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.

పరీక్ష తప్పినప్పుడు, పట్టా దక్కనప్పుడు, పదవి చేజారినప్పుడు సుబ్బారావు చేతిలో ఉన్న పనిని మరింత శ్రద్ధగా చేశారు. ఆత్మవిశ్వాసం ఆయనకు ఆ పనిలోనే లభించింది. తక్కువ మాట్లాడేవారు కూడా తోటివారి శక్తిని గుర్తించి, ఫలితాన్ని అందరికీ పంచగలిగితే నాయకులు కాగలరు. ఆయన జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.