అమృతాంజనం నుంచి ఆంధ్రపత్రిక దాకా – కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితం



తలనొప్పి వచ్చినా, జలుబు చేసినా మన అమ్మమ్మలు, నాయనమ్మలు కొంగు ముడి విప్పి పైసలిచ్చి దుకాణం నుంచి తెమ్మనే వస్తువు ఒకటుంది. అదే అమృతాంజనం. పసుపుపచ్చని మందు, ముక్కుకు తగిలే ఘాటైన వాసన. మన చింతమడకలోనే కాదు, తెలుగు నేల మీద ఆ పేరు వినని ఊరు ఉండదేమో. అయితే దాన్ని మొదలుపెట్టింది ఒక తెలుగువాడని, అది పుట్టింది బొంబాయి నగరంలోనని, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతోనే తెలుగులో ఒక గొప్ప దినపత్రిక నడిచిందని మనలో చాలామందికి తెలియదు. ఆ మహనీయుడే 'దేశోద్ధారక' కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

ప్రపంచీకరణ అనే మాట మనం సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదువుతున్నాం. 1991 తర్వాత మన దేశంలోకి విదేశీ కంపెనీలు ఎక్కువగా వచ్చాయని చదువుతున్నాం. పెద్ద పెద్ద కంపెనీల ముందు మన సరుకు నిలుస్తుందా, మన భాష నిలుస్తుందా, పల్లె నుంచి వచ్చిన మనలాంటి వాళ్లు నిలుస్తామా అనే భయం మనకు కలుగుతుంది. ఈ ప్రశ్న కొత్తది కాదు. నూట ముప్పై ఏళ్ల కిందట తెల్లదొరల పాలనలో, వాళ్ల వ్యాపారం మధ్యలో నిలబడి నాగేశ్వరరావు గారు దీనికి తన జీవితంతోనే జవాబు చెప్పారు.

బాల్యం – చదువు

నాగేశ్వరరావు గారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. మొదట సొంత ఊళ్లో, తర్వాత బందరులో చదువుకున్నారు. పై చదువుకు మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కళాశాలలో 1891లో పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం గారి రచనలు, ఆయన నడిపిన వివేకవర్ధని పత్రిక వీరి మనసుపై ముద్ర వేశాయి. ఒక పత్రిక మనుషుల ఆలోచనను మార్చగలదని ఆయనకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజుల్లో బి.ఏ. చదివినవారికి సర్కారు ఉద్యోగం సులువుగా దొరికేది. ఇంట్లోవాళ్లు, ఊరివాళ్లు కోరుకునేది కూడా అదే. నాగేశ్వరరావు గారు మాత్రం వ్యాపారం వైపు నడిచారు. ఆ కాలంలో ఇంగ్లీషు చదువు, పెట్టుబడి, పెద్దవాళ్ల పరిచయాలు అందరికీ అందేవి కావన్నది కూడా మనం గుర్తుంచుకోవాలి. అందినవారిలో ఎక్కువమంది కొలువుతో సరిపెట్టుకున్న కాలంలో ఆయన తెలియని దారిని ఎంచుకున్నారు.

కలకత్తా నుంచి బొంబాయికి

మొదట మద్రాసులో కొంత ప్రయత్నం చేసి, తర్వాత కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పని నేర్చుకున్నారు. అక్కడి నుంచి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే ఐరోపా సంస్థలో ఉద్యోగిగా చేరారు.

బొంబాయి అంటే అప్పటికే ప్రపంచానికి ఒక వాకిలి. రేవులో ఓడలు, ఊరి నిండా నూలు మిల్లులు, దేశం నలుమూలలకూ రైళ్లు ఉండేవి. ఆ నగరం కట్టడంలో మన తెలుగువారి చెమట కూడా ఉంది. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వలస వెళ్లి ఇళ్లు, రోడ్లు కట్టిన కామాఠీ కూలీల పేరు మీదే అక్కడ కామాఠీపుర అనే పేట వెలసింది. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మన తెలంగాణ పల్లెల్లో చెప్పుకునే వలస బతుకుల్లో మొదటి మాట బొంబాయే కదా! పని వెతుక్కుంటూ మనవాళ్లు వెళ్లిన ఆ నగరానికే నాగేశ్వరరావు గారు కూడా పని వెతుక్కుంటూ వెళ్లారు.

విదేశీ సంస్థలో ఆయన నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మందును ఒకే కొలతతో, ఒకే నాణ్యతతో తయారు చేయడం, సీసాలో నింపి పైన పేరు అంటించడం, పత్రికల్లో ప్రకటనలు ఇవ్వడం, తపాలా ద్వారా, రైళ్ల ద్వారా దూరపు ఊళ్లకు పంపడం వంటి పద్ధతులు అప్పటికి మన నాటువైద్యంలో లేవు. మన దగ్గర వైద్యుడు రోగిని చూసి అప్పటికప్పుడు మందు నూరి ఇచ్చేవాడు. ఆ మందు అతని ఊరు దాటేది కాదు. నాగేశ్వరరావు గారు పరాయివాళ్ల పద్ధతిని పూర్తిగా నేర్చుకుని 1893లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు మాత్రమే.

పేరులో ఉన్న తెలివి

ఆ పేరును ఒక్కసారి గమనించండి. అమృతం, అంజనం అనే రెండు మాటలు కలిస్తే అమృతాంజనం. ఆ రెండు మాటలూ తెలుగువారికే కాక మరాఠీ, గుజరాతీ, కన్నడం మాట్లాడేవారికీ అర్థమవుతాయి. బొంబాయిలో అన్ని భాషల వాళ్లూ ఉంటారు. ఇంగ్లీషు పేరు పెడితే గొప్పగా ఉంటుందని ఆయన అనుకోలేదు. విన్నవెంటనే ఇది మనదే అనిపించే పేరు పెట్టారు. డబ్బా, ముద్ర, ప్రకటన పడమటి దేశాల పద్ధతి. పేరు, నమ్మకం మన పద్ధతి.

కొత్త మందును జనం ఊరికే నమ్మరు. అందుకని సంగీత కచేరీలకు వచ్చిన వారికి అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. ఇవాళ పెద్ద కంపెనీలు షాంపూ పొట్లాలను ఉచితంగా ఇవ్వడం మనం చూస్తున్నాం. ఆ కిటుకును ఆయన అప్పుడే, మన కచేరీ పందిట్లోకి తీసుకొచ్చారు. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలయ్యాక దేశంలో తయారైన సరుకుకు ఆదరణ పెరిగింది. అమృతాంజనం ఇంటింటి మందు అయింది. నాగేశ్వరరావు గారు లక్షాధికారి అయ్యారు.

సీసాలో ప్రపంచం

ఇటువంటి బాముల్లో కలిపే పదార్థాలను చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. వాటిలో కర్పూరం, పుదీనా సత్తు, నీలగిరి తైలం ముఖ్యమైనవి. నీలగిరి తైలం ఇచ్చే యూకలిప్టస్ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని తెచ్చి నీలగిరి కొండల్లో పెంచారు. మనవాళ్లు దానికి ఆ కొండల పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు అది మన చెట్టే అనుకుంటున్నాం. పుదీనా సత్తు వ్యాపారంలో ఒకప్పుడు జపాన్ ముందుండేది. ఇప్పుడు మన దేశమే ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పండిస్తున్నది.

అదే కాలంలో ఇతర దేశాల్లోనూ ఇలాంటి మందులు పుట్టాయి. అమెరికాలో 1890లలో విక్స్ పుట్టింది. రంగూన్‌లో చైనా కుటుంబం ఒకటి మొదలుపెట్టిన టైగర్ బామ్ సింగపూర్ చేరి ప్రపంచమంతా పాకింది. తర్వాతి కాలంలో విక్స్ మన దేశానికి వచ్చింది. ఇక్కడ 1980లలో ఆ అమెరికా మందును ఆయుర్వేద ఔషధంగా నమోదు చేయించారు. విక్స్ డబ్బా దొరికితే దాని మీద ఆయుర్వేదం అనే మాట వెతికి చూడండి. అంటే మనం ప్రపంచం నుంచి నేర్చుకున్నట్టే, ప్రపంచపు కంపెనీలు కూడా మన ఇంటి గడప దాటాలంటే మన పద్ధతికి తలవంచక తప్పదు. ఒకవైపు నుంచే గాలి వీయదు.

లాభం పత్రికగా మారింది

డబ్బు సంపాదించినవారు చాలామంది ఉంటారు. ఆ డబ్బును ఏం చేశారన్నదే మనిషిని నిలబెడుతుంది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు నాగేశ్వరరావు గారు వెళ్లారు. దేశంలో ఇంత జరుగుతుంటే తెలుగువారికి తమ భాషలో చెప్పే గట్టి పత్రిక లేదే అని బాధపడ్డారు. మరుసటి ఏడాది 1908 సెప్టెంబర్ 9న బొంబాయిలోనే ఆంధ్రపత్రిక అనే వారపత్రికను ప్రారంభించారు. తెలుగు దేశానికి ఎంతో దూరాన, మరాఠీ గడ్డ మీద తెలుగు పత్రిక! పరాయి ఊళ్లో ఉంటేనే సొంత భాష విలువ తెలుస్తుందంటారు. అది ఆయన విషయంలో నిజమైంది.

1914లో పత్రికను మద్రాసుకు తరలించి ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా మార్చారు. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎక్కడో ఐరోపాలో జరిగే యుద్ధం వల్ల ఇక్కడ ధరలు పెరుగుతున్నాయి, ఇక్కడి జవాన్లు అక్కడ చనిపోతున్నారు. ఆ సంగతులు ఇంగ్లీషు వచ్చినవారికే కాక తెలుగు మాత్రమే వచ్చినవారికీ రోజూ అందడం చిన్న విషయం కాదు. పత్రిక నడపడం ఖర్చుతో కూడిన పని. అమృతాంజనం ఆదాయమే ఆ పత్రికకు అండ. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రికను కూడా స్థాపించారు.

పుస్తకాలు – గ్రంథాలయాలు

1926లో ఆంధ్ర గ్రంథమాల పేరుతో మంచి పుస్తకాలను తక్కువ ధరకు ప్రచురించడం మొదలుపెట్టారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం అందులోనే వెలువడింది. మన పక్క జిల్లా జనగామలోని పాలకుర్తి కవిగా మనం గర్వంగా చెప్పుకునే సోమనాథుడి కావ్యం, బొంబాయిలో మొదలైన తలనొప్పి మందు డబ్బుతో మద్రాసులో అచ్చయింది! వ్యాపారం ఎంత దూరం తిరిగి ఎక్కడికి చేరిందో చూడండి. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలుపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన 1923లో మరణించడంతో ఆగిపోగా, నాగేశ్వరరావు గారు దాన్ని మళ్లీ చేపట్టారు. ఊరూరా గ్రంథాలయాలకు, విద్యాసంస్థలకు విరాళాలిచ్చారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చినందుకు విశ్వదాత అనే పేరు వచ్చింది.

స్వాతంత్ర్య పోరాటం – చివరి రోజులు

తెల్లవారి పాలనలో వ్యాపారం చేసుకునేవారు ప్రభుత్వంతో గొడవ పెట్టుకోవడానికి జంకుతారు. ఆయన జంకలేదు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబర్ 16న జరిగిన ఒప్పందానికి మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగే వేదిక అయింది. అందుకే దానికి శ్రీబాగ్ ఒడంబడిక అని పేరు వచ్చింది. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు.

ఆయన తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల బాధ్యత తీసుకున్నారు. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. ఆ సంవత్సరమే మన దేశం కొత్త ఆర్థిక విధానంలోకి అడుగుపెట్టడం కాకతాళీయమే కావచ్చు, కానీ ఆలోచింపజేస్తుంది. అమృతాంజనం మాత్రం నేటికీ ఉంది. మందు నిలిచింది, పత్రిక నిలవలేదు. సరుకును కాపాడుకోవడం కంటే మాటను కాపాడుకోవడం కష్టమని దీన్నిబట్టి తెలుస్తున్నది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! మన సిద్దిపేట నేతన్నలు మగ్గం మీద గొల్లభామ బొమ్మను నేసిన చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తలమీద కుండతో నడిచే ఆ గొల్లభామను చూస్తే ఎక్కడివారైనా ఇది సిద్దిపేటది అనాలి. కానీ ఆ గుర్తింపు ఒక్కటే నేతన్న కడుపు నింపదు. మరమగ్గం మీద చవకగా అదే బొమ్మ వేసి అమ్మేవారు ఉంటారు. లెక్కలు, ప్రకటన, నాణ్యత, దూరపు ఊళ్లకు పంపే విధానం తెలిసిన చదువుకున్న పిల్లలు ఆ చేతుల వెనక నిలబడాలి. ఆ పిల్లలు మన హాస్టల్ నుంచే ఎందుకు రాకూడదు?

మనలో కొందరు రేపు హైదరాబాదులోనో, విదేశాల్లోనో పెద్ద కంపెనీల్లో చేరతారు. అక్కడి పనిని నాగేశ్వరరావు గారిలా శ్రద్ధగా నేర్చుకుందాం. ఇంగ్లీషు నేర్చుకుందాం, కంప్యూటర్ నేర్చుకుందాం. నేర్చుకున్నదానికి మన ఊరి పేరు పెట్టగలిగితే అది మన వ్యాపారం అవుతుంది. వచ్చిన దాంట్లో కొంత ఊరి గ్రంథాలయానికి, మన తర్వాత ఈ గదుల్లో చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వగలిగితే అది మన చదువుకు సార్థకత అవుతుంది. చిన్న డబ్బా మందుతో ఒక మనిషి అంత చేయగలిగినప్పుడు, మనం కూడా మనకు చేతనైనంత చేయగలం. ప్రయత్నిద్దాం.