అన్న పోయినా జీన్స్ వదలనివాడు

కుక్కల కోపం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకున్నదా అని మా హాస్టల్‌లో వాదన వచ్చినప్పుడల్లా నాకు ద్మిత్రి బెల్యాయెవ్ గుర్తొస్తాడు.

1917లో రష్యాలో పుట్టాడు. అన్న నికొలాయ్ జన్యుశాస్త్రవేత్త. 1937లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. తమ్ముడు అయినా అదే సబ్జెక్ట్ పట్టుకున్నాడు! 1948లో లైసెంకో మనుషులు జన్యుశాస్త్రాన్ని నిషేధించాక ఉన్న పదవి కూడా పోయింది.

1959లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో, ఫర్ కోట్ల కోసం బోనుల్లో పెంచే నక్కలతో ప్రయోగం మొదలుపెట్టాడు. పైకి మాత్రం వేరే పేరు చెప్పాడు, భయం అలాంటిది మరి. పనంతా దగ్గరుండి చూసింది ల్యుద్మిలా త్రుత్. ట్రైనింగ్ ఏమీ లేదు. ప్రతి తరంలో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటినే జత కట్టించేవారు. కొన్ని తరాలకే పిల్లలు తోక ఊపుతూ చేతులు నాకడం మొదలుపెట్టాయి.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతది. బాగా కరిచేవాటిని కూడా విడిగా పెంచి, వాటి పిల్లల్ని సాధు తల్లుల దగ్గర వదిలారు. పిండాలనే మార్చి చూశారు. అయినా ఆ పిల్లలు మనుషుల మీద గుర్రుమన్నాయి. కుక్కకి కుక్క మీద కోపం వేరే లెక్కే, ఒప్పుకుంటాను. కానీ 'అంతా పెంపకమే' అనడం ఇక కష్టం.

బెల్యాయెవ్ 1985లో పోయాడు. త్రుత్ ఆ నక్కల్ని వదల్లేదు.