ఓటుకు కాపలా ఎవరిది? యులిసెస్ గ్రాంట్ నిలబెట్టినదీ, వదిలేసినదీ

మహాత్మా జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' వెలువరించారు. ఆ పుస్తకాన్ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు యులిసెస్ ఎస్. గ్రాంట్. అదే ఏడాది ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, లూసియానా రాష్ట్రంలోని కోల్‌ఫాక్స్ అనే ఊళ్లో ఎన్నికల తగాదా మీద సాయుధ తెల్లవాళ్లు కోర్టు భవనాన్ని చుట్టుముట్టారు. లోపల కాపలా ఉన్న నల్లజాతి పురుషులను చంపారు. లొంగిపోయిన వాళ్లను కూడా వదల్లేదు. చనిపోయిన వాళ్ల లెక్క 60 నుంచి 150 దాకా చెబుతారు. అసలు సంఖ్య నేటికీ తేలలేదు.

బానిసత్వం పోయింది, రాజ్యాంగం ఓటు ఇచ్చింది. అయినా ఓటు వేసిన మనిషి ప్రాణానికి పూచీ ఎవరు? గ్రాంట్ రాజకీయ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయన దానికి ఒకసారి గట్టి జవాబు చెప్పాడు. తర్వాత ఆ జవాబును తానే వదిలేశాడు. రెండూ మనం తెలుసుకోవాల్సినవే.

తోళ్ల కొట్టం నుంచి సేనాని దాకా

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి జెస్సీ తోళ్లు పదును చేసే పని చేసేవాడు. అక్కడ ఆ పనికి అంటు లేదు. తోళ్లతోనే జెస్సీ డబ్బూ పేరూ సంపాదించాడు. బానిసత్వం అంటే ఆయనకు గిట్టదు. కొడుక్కి మాత్రం ఆ కొట్టం వాసన, రక్తం పడేవి కావు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరి 1843లో బయటికొచ్చాడు. మెక్సికో యుద్ధంలో పనిచేశాడు. 1854లో సైన్యం వదిలేశాక సేద్యం చేసి నష్టపోయాడు, ఇతర పనులూ కలిసిరాలేదు. చివరికి తండ్రి తోలు సామాన్ల దుకాణంలోనే కుదిరాడు.

ఆయన భార్య జూలియా పుట్టింటివారు బానిసల యజమానులు. గ్రాంట్ చేతిలో కూడా విలియం జోన్స్ అనే ఒక బానిస ఉండేవాడు. 1859లో, ఇంట్లో డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో, ఆయన్ని అమ్మి సొమ్ము చేసుకోకుండా కాగితం రాసి విడుదల చేశాడు. ఈ రెండు నిజాలనూ కలిపి చూడాలి. ఆయన పుట్టుకతో విముక్తివాది కాడు. యుద్ధం ఆయన్ని మార్చింది.

అంతర్యుద్ధంలో గ్రాంట్ విక్స్‌బర్గ్ గెలిచాడు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ ఆయనకే లొంగిపోయాడు. అప్పటికి నల్లజాతి సైనికులు పెద్ద సంఖ్యలో ఉత్తరాది సైన్యంలో చేరి పోరాడారు. వాళ్ల పోరాటాన్ని గ్రాంట్ కళ్లారా చూశాడు. యుద్ధం తర్వాత దాదాపు 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు.

పోలీసులే దాడి చేసినప్పుడు

విముక్తి వచ్చిన ఏడాదికే అసలు సమస్య బయటపడింది. 1866 మే నెలలో మెంఫిస్ నగరంలో మూడు రోజుల పాటు నల్లజాతి వాడల మీద దాడి జరిగింది. 46 మంది నల్లవాళ్లు చనిపోయారు. బడులు, చర్చిలు తగలబడ్డాయి. దాడి చేసిన మూకలో నగర పోలీసులు కూడా ఉన్నారు. జులై 30న న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతికి ఓటు కావాలని సమావేశమైన వాళ్ల మీద కాల్పులు జరిపిన వాళ్లలోనూ పోలీసులు ఉన్నారు.

కారంచేడు, చుండూరు తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. ఊరి పెద్దల ఇళ్ల నుంచి వచ్చిన మనుషులే స్టేషన్‌లో ఉంటే ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? అమెరికా దక్షిణాదిలో శాంతిభద్రతలు కౌంటీ షెరీఫ్ చేతిలో ఉండేవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. షెరీఫ్ అక్కడి ఓట్లతో ఎన్నికయ్యేవాడు. జ్యూరీలో కూర్చునేది అక్కడి వాళ్లే. సాక్ష్యం చెప్పిన వాడు తిరిగి అదే ఊరికి పోవాలి. నల్లవాడిని చంపిన తెల్లవాడికి శిక్ష పడడం దాదాపు అసాధ్యం.

1868లో గ్రాంట్ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఆ ఎన్నికల ముందు కు క్లక్స్ క్లాన్, అలాంటి మరికొన్ని ముఠాలు రాత్రిళ్లు ముసుగులతో ఇళ్ల మీద పడ్డాయి. లూసియానాలోని సెయింట్ లాండ్రీలో సెప్టెంబరులో భారీ హత్యాకాండ జరిగింది. వేలాది నల్లజాతి ఓటర్లున్న ఆ ప్రాంతంలో నవంబరులో గ్రాంట్‌కు ఒక్క ఓటు కూడా పడలేదు. దేశం మొత్తం మీద ఆయన 3 లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిచాడు. ఆ గెలుపులో నల్లజాతి ఓటు పాత్ర పెద్దది. ఆ ఓటు కోసం ఎంతమంది చచ్చారో కూడా ఆయనకు తెలుసు.

కొత్త శాఖ, కొత్త చట్టాలు

1870 ఫిబ్రవరిలో 15వ సవరణ ఖరారైంది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఎవరి ఓటునూ కాదనకూడదని అది చెప్పింది. అది ఓటు హక్కు గురించి చెప్పింది గానీ ఓటరును కాపాడే యంత్రాంగం గురించి చెప్పలేదు. గ్రాంట్ ప్రభుత్వం ఆ యంత్రాంగాన్ని కట్టడం మొదలుపెట్టింది.

మొదటిది, న్యాయ శాఖ. 1870 జూన్‌లో చట్టం చేసి జులై 1 నుంచి దాన్ని నడిపించారు. అంతకు ముందు కేంద్రం తరఫున కేసులు నడిపే పని చెల్లాచెదురుగా ఉండేది. దాన్ని ఒకచోటికి తెచ్చారు. అటార్నీ జనరల్‌గా ఏమోస్ ఏకర్‌మన్ వచ్చాడు. ఆయన జార్జియా నుంచి వచ్చినవాడు, యుద్ధంలో దక్షిణాది పక్షాన పనిచేసినవాడు. క్లాన్ ఏం చేస్తోందో దగ్గరగా చూసి దాన్ని అణచడమే తన పనిగా పెట్టుకున్నాడు.

రెండోది, మూడు చట్టాలు. 1870 మే 31 నాటి చట్టం ఓటరును బెదిరించడాన్ని, ముసుగులతో గుంపుగా వెళ్లి హక్కులు అడ్డుకోవడాన్ని కేంద్ర నేరంగా మార్చింది. 1871 ఫిబ్రవరి 28 నాటి చట్టం జాతీయ చట్టసభ ఎన్నికల నిర్వహణ మీద నిఘా పెట్టింది. 20 వేలకు పైబడిన జనాభా గల నగరాల్లో ఇద్దరు పౌరులు అర్జీ పెడితే చాలు, కేంద్ర న్యాయమూర్తి ఒక్కో పోలింగ్ ప్రాంతానికి వేర్వేరు పార్టీల నుంచి ఇద్దరు పర్యవేక్షకులను నియమించాలి. ఓటర్ల నమోదు నుంచి లెక్కింపు దాకా వాళ్లు దగ్గరుండి చూడాలి. అడ్డుపడిన వాళ్లను అరెస్టు చేసే అధికారంతో కేంద్ర మార్షల్స్ తోడుంటారు. 1871 ఏప్రిల్ 20 నాటి మూడో చట్టం కుట్రలను అణచడానికి సైన్యాన్ని దింపే అధికారాన్ని, అవసరమైతే హెబియస్ కార్పస్ నిలిపివేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది.

యార్క్ కౌంటీలో ఏం చేశారు

ఈ చట్టాలకు అసలు పరీక్ష దక్షిణ కరోలినాలోని యార్క్ కౌంటీలో ఎదురైంది. 1871 మార్చిలో అక్కడ నల్లజాతి పౌరదళం నాయకుడు జిమ్ విలియమ్స్‌ను క్లాన్ మూక ఇంట్లోంచి లాక్కెళ్లి చెట్టుకు ఉరేసింది. ఆ నెలలోనే మేజర్ లూయిస్ మెరిల్ తన అశ్వికదళంతో అక్కడికి వచ్చాడు.

మెరిల్ వెంటనే తుపాకీ తీయలేదు. ముందు వివరాలు సేకరించాడు. దెబ్బలు తిన్నవాళ్లను పిలిపించి వాళ్లు చెప్పింది రాయించాడు. క్లాన్ లోపలి మనుషుల నుంచి సమాచారం రాబట్టాడు. ఎవరు నాయకుడు, ఎవరు ఎక్కడ కలుస్తారు, ఏ దాడికి ఎవరెవరు వెళ్లారు అన్నది నెలల తరబడి పట్టిక కట్టాడు. ఒక్క ఆ కౌంటీలోనే 11 హత్యలు, దాదాపు 600 కొరడా దెబ్బల దాడులు లెక్క తేలాయి. ఆ ముసుగుల వెనక ఆస్తిపరులు, చదువుకున్న పెద్దమనుషులు ఉన్నారు.

1871 అక్టోబరు 17న గ్రాంట్ తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ నిలిపివేశాడు. ఏకర్‌మన్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. పట్టిక సిద్ధంగా ఉంది కాబట్టి అరెస్టులు గబగబా జరిగాయి. వందలాది మంది పట్టుబడ్డారు, మరికొందరు తామే వచ్చి లొంగిపోయారు, నాయకులు చాలామంది పారిపోయారు. విచారణ కొలంబియా నగరంలోని కేంద్ర కోర్టులో జరిగింది. జ్యూరీలో నల్లవాళ్లే ఎక్కువ మంది. నిన్నటి బానిసలు సాక్షులుగా నిలబడి, యజమానుల వర్గాన్ని వేలెత్తి చూపారు.

శిక్షలు తక్కువే పడ్డాయి. కేసులు వేలల్లో ఉన్నా ముగిసినవి కొన్నే. అయినా క్లాన్ వెన్ను విరిగింది. 1872 ఎన్నికలు ఆ కాలంలోకెల్లా ప్రశాంతంగా జరిగాయి. గ్రాంట్ మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత కొలువుదీరిన కాంగ్రెస్‌లో నల్లజాతి ప్రతినిధులు ఏడుగురు కూర్చున్నారు. స్థానిక పెత్తందార్లకు జవాబుదారీ కాని పోలీసు వ్యవస్థ ఉంటే ఏం సాధ్యమో ఆ ఒక్క ఎన్నిక చూపించింది.

చేయి వదిలేసిన రోజు

ఆ వ్యవస్థ నిలబడలేదు. ఏకర్‌మన్‌ను 1871 చివర్లోనే పదవి నుంచి తప్పించారు. తర్వాత వచ్చిన అటార్నీ జనరల్ 1873లో కొత్త కేసులు ఆపాడు, క్షమాభిక్షలు మొదలయ్యాయి. అదే ఏడాది ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఉత్తరాది తెల్ల ఓటరుకు దక్షిణాది గొడవ విసుగు పుట్టించింది. కోల్‌ఫాక్స్ హంతకుల్లో కొద్దిమందికి పడిన శిక్షలను సుప్రీంకోర్టు 1876 మార్చిలో క్రూక్‌షాంక్ తీర్పుతో కొట్టేసింది. 14వ సవరణ రాజ్యం చేసే తప్పులకే గానీ మనుషులు మనుషుల మీద చేసే తప్పులకు వర్తించదని తేల్చింది.

న్యూ ఆర్లియన్స్‌లో 1866 తర్వాత పోలీసు వ్యవస్థను మార్చి నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపి మెట్రోపాలిటన్ పోలీసు దళం కట్టారు. 1874 సెప్టెంబరు 14న వైట్ లీగ్ అనే సాయుధ మూక నడివీధిలో ఆ దళాన్ని ఓడించి రాష్ట్ర ప్రభుత్వాన్ని కూలదోసింది. గ్రాంట్ సైన్యాన్ని పంపాకే ఆ మూక వెనక్కి తగ్గింది. అలా పంపడం అదే చివరిసారి కాదు గానీ, అప్పటికే ఆయన మీద సొంత పార్టీ ఒత్తిడి పెరిగింది.

మిసిసిపీలో 1875 ఎన్నికలు వచ్చాయి. అక్కడ తెల్లవాళ్లు ఈసారి ముసుగులు కూడా వేసుకోలేదు. ఫిరంగులతో ఊరేగారు. ఓటు వేస్తే పాలుకు ఇచ్చిన భూమి లాక్కుంటామని కౌలుదార్లను బెదిరించారు. సెప్టెంబరు 4న క్లింటన్ సభ దగ్గర మొదలైన హత్యలు రోజుల తరబడి సాగాయి. గవర్నర్ అడెల్బర్ట్ ఏమ్స్ సైన్యం పంపమని అడిగాడు. గ్రాంట్ ప్రభుత్వం పంపలేదు. అక్టోబరులో ఒహాయో ఎన్నికలున్నాయి, సైన్యం కదిలితే అక్కడ పార్టీ ఓడుతుందని నాయకులు చెప్పారు. మిసిసిపీ నల్లజాతి ప్రతినిధి జాన్ లించ్ తర్వాత గ్రాంట్‌నే నేరుగా అడిగాడు. ఒహాయో కోసమే ఆగానని గ్రాంట్ ఒప్పుకున్నట్టు లించ్ తన పుస్తకంలో నమోదు చేశాడు.

ఫలితం వెంటనే కనిపించింది. నల్లజాతి జనం ఎక్కువగా ఉన్న యాజూ కౌంటీలో రిపబ్లికన్లకు పడిన ఓట్లు 7. ఒహాయో దక్కింది, మిసిసిపీ పోయింది. 1876లో దక్షిణ కరోలినాకు గ్రాంట్ మళ్లీ సైన్యం పంపాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. 1877లో కొత్త అధ్యక్షుడు హేస్ దక్షిణాది ప్రభుత్వాలకు సైనిక అండ తీసేశాడు. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుని నల్ల ఓటును కాగితం మీదే తుడిచేసింది. ఎన్నికల పర్యవేక్షక చట్టాలను 1894లో రద్దు చేశారు. కేంద్రం మళ్లీ ఓటర్ల నమోదుకూ, పోలింగ్ పరిశీలనకూ తన మనుషులను పంపడానికి 1965 ఓటు హక్కు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

పదవి దిగాక గ్రాంట్ ప్రపంచమంతా తిరిగాడు. 1879లో మన దేశానికి కూడా వచ్చి బ్రిటిష్ సర్కారు అతిథిగా ఉన్నాడు. తర్వాత వ్యాపారంలో మోసపోయి దివాలా తీశాడు. గొంతు క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆత్మకథ పూర్తిచేసి, 1885 జులై 23న చనిపోయాడు. ఆ ఆత్మకథ యుద్ధంతోనే ఆగిపోతుంది. యార్క్, యాజూ అందులో లేవు.

మన చట్టం ఎక్కడ ఆగుతుంది

రాష్ట్ర ప్రభుత్వాలు కొన్ని వర్గాలను ఓటర్ల జాబితాకు దూరం పెడుతున్నాయన్న ఆందోళనతోనే డాక్టర్ అంబేడ్కర్ 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో ఎన్నికలన్నిటికీ ఒకే స్వతంత్ర కమిషన్ ఉండాలని ప్రతిపాదించారు. అదే నేటి 324వ అధికరణం. పోలీసు మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉంది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేర్చిన 28ఏ సెక్షన్ ఎన్నికల విధుల్లోని పోలీసులను కమిషన్ అదుపులోకి తెచ్చింది. అదే ఏడాది చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, దళితుడిని ఓటు కోసం బెదిరించడాన్ని అత్యాచారంగా గుర్తించింది.

కానీ 28ఏ కింద ఆ అదుపు నోటిఫికేషన్‌తో మొదలై ఫలితాలు ప్రకటించిన రోజుతో ముగుస్తుంది. మర్నాటి నుంచి అదే స్టేషన్, అదే ఎస్సై, అదే ఊరు. ఎవరికి ఓటు వేశావన్న కక్ష తీర్చుకునేది ఆ మర్నాడే. కూలికి పిలవకపోవడం, కౌలు మాన్పించడం, దారి మూసేయడం అప్పుడే మొదలవుతాయి.

అందుకే పోలింగ్ నాటికి ముందే మనం చేయాల్సిన పని ఉంది. మెరిల్ చేసింది అదే. ఏ వాడ నుంచి పోలింగ్ కేంద్రానికి వెళ్లే దారి ఎవరి ఇళ్ల మధ్య నుంచి పోతుంది, గత ఎన్నికల్లో ఎవరిని ఎవరు బెదిరించారు, ఏ ఫిర్యాదు ఎక్కడ ఆగిపోయింది అన్నది తేదీలతో, పేర్లతో రాసి పెట్టుకోవాలి. ఆ పట్టికను లిఖితపూర్వకంగా కలెక్టరుకూ ఎన్నికల పరిశీలకులకూ ఇచ్చి రసీదు తీసుకోవాలి. సమస్యాత్మక కేంద్రాల జాబితాలో మన వాడ ఉందో లేదో అడగాలి. లెక్కింపు అయ్యాక కాపలా ఎన్నాళ్లు ఉంటుందో కూడా ఆ అర్జీలోనే అడగాలి.