నేను విన్న జాన్ కోల్ట్రేన్

సాక్సోఫోన్ అనగానే మనవైపు పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం గుర్తొస్తుంది. కర్ణాటక సంగీతం వినేవాళ్ళకైతే కద్రి గోపాల్‌నాథ్ గుర్తొస్తారు. నేను రాయబోయేది అదే వాద్యాన్ని నమ్ముకుని, నలభై ఏళ్ళకే వెళ్ళిపోయిన అమెరికన్ జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ గురించి. బడి వదిలాక తలో దిక్కూ వెళ్ళిన మా బ్యాచ్ మిత్రులం నలుగురం ఇప్పటికీ ఒకరికొకరం రికార్డులు చెప్పుకుంటూ ఉంటాం. విశాఖలో ఉన్నవాడు ఒకటి వినమంటే, న్యూజెర్సీలో ఉన్నవాడు అది తర్వాత, ముందు ఇది వినాలంటాడు. కోల్ట్రేన్ విషయంలో మాత్రం ఆ వాదన ఎన్నేళ్ళయినా తెగలేదు. ఎందుకు తెగదో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

కోల్ట్రేన్ 1926 సెప్టెంబరు 23న నార్త్ కరోలినా రాష్ట్రంలోని హామ్లెట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది అదే రాష్ట్రంలోని హైపాయింట్‌లో. తండ్రి దర్జీ, సరదాకు వయొలిన్ వాయించేవాడు. తల్లి వైపు తాత చర్చిలో బోధకుడు. కుర్రాడికి పన్నెండేళ్ళప్పుడు కొద్ది నెలల తేడాలో తాత, తండ్రి, అమ్మమ్మ ముగ్గురూ పోయారు. తల్లి ఇళ్ళలో పనికి కుదిరింది. వాద్యం అతని చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే. మొదట ఆల్టో హార్న్, తర్వాత క్లారినెట్, చివరికి సాక్సోఫోన్. చదివింది విలియం పెన్ హైస్కూల్లో. తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఇంకొక బడిగా ఉన్న కాలం అది. 1960 ఫిబ్రవరిలో అదే బడి విద్యార్థులు ఇరవై ఆరుగురు, తెల్లవాళ్ళకే వడ్డించే హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని నిరసన తెలిపారు. ఏ బడి పూర్వ విద్యార్థులకైనా గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది.

1943లో చదువు ముగించుకుని ఫిలడెల్ఫియా చేరాడు. పంచదార ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు సంగీత పాఠాలు. కొంతకాలం నౌకాదళంలో ఉండి, హవాయిలో బ్యాండులో వాయించాడు. తిరిగొచ్చాక డిజ్జీ గిలెస్పీ బృందంలోనూ ఇతరుల దగ్గరా చేశాడు. సాధన మాత్రం అసాధారణం. రాత్రిపూట ఇరుగుపొరుగుకు ఇబ్బంది అవుతుందని, ఊదకుండా మీటల మీద వేళ్ళు మాత్రం ఆడించుకుంటూ గంటలు గడిపేవాడు. 1955లో మైల్స్ డేవిస్ తన బృందంలోకి పిలిచేనాటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ వయసుకి చాలామంది జాజ్ వాద్యకారులు పేరు తెచ్చుకునే ఉంటారు. ఇతను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు.

అప్పటికే హెరాయిన్ పట్టుకుంది. మద్యం కూడా. 1957లో మైల్స్ డేవిస్ అతన్ని బృందం నుంచి తీసేశాడు. కోల్ట్రేన్ ఫిలడెల్ఫియాలోని తల్లి ఇంటికి వెళ్ళి, ఆసుపత్రిలో చేరకుండానే రెండూ మానేశాడు. ఆ వ్యసనం ఆ తరం వాద్యకారుల్లో ఎందరినో మింగేసింది. అక్కడితో ఇతని కథా ముగిసి ఉంటే, మైల్స్ డేవిస్ పక్కన కొన్నాళ్ళు వాయించినవాడిగా మాత్రమే మిగిలేవాడు. ఈరోజు మనం కోల్ట్రేన్ అనుకునే సంగీతమంతా దాదాపుగా ఆ తర్వాతి పదేళ్ళలోదే.

ఆ ఏడాదే న్యూయార్కులో ఫైవ్‌స్పాట్ అనే చిన్న క్లబ్బులో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ పక్కన నెలల తరబడి వాయించాడు. నా దృష్టిలో అదే అతని అసలైన గురుకులం. వాళ్ళిద్దరూ ఆ నవంబరులో కార్నెగీ హాల్లో చేసిన కచేరీ టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పడి ఉండి, 2005లో బయటికొచ్చింది. ‘బ్లూ ట్రైన్’ రికార్డు కూడా 1957 సెప్టెంబరుదే. కొత్తగా వినేవాళ్ళకు మా విశాఖ మిత్రుడు ముందు చెప్పేది అదే, నేనూ కాదనను.

1959లో మైల్స్ డేవిస్‌తో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చేశాడు. అదే ఏడు సొంతంగా ‘జెయింట్ స్టెప్స్’ రికార్డు చేశాడు. జాజ్‌లో ఒక పల్లవి ఉంటుంది. దాన్ని కలిసి వాయించాక, ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మన స్వరకల్పన లాంటిదే, కాని మనకు రాగం స్థిరంగా ఉంటుంది. వాళ్ళకు కింద పియానో మీద స్వరాల గుత్తులు, అంటే కార్డ్స్, మారుతూ ఉంటాయి. ‘జెయింట్ స్టెప్స్’ పాటలో అవి ఎంత వేగంగా మారతాయంటే, ముందే కష్టపడి సాధన చేసిన కోల్ట్రేన్ జలపాతంలా దూకుతుంటే, పియానో మీద ఉన్న టామీ ఫ్లానగన్ తన వంతు వచ్చేసరికి తడబడి, విడివిడి స్వరాలతో సరిపెట్టాడు. ఆ తడబాటు రికార్డులో అలాగే ఉండిపోయింది. ఫ్లానగన్ చిన్న విద్వాంసుడేం కాదు. ఇరవై మూడేళ్ళ తర్వాత, 1982లో, అదే పేరుతో సొంత రికార్డు చేసి ఆ పాటను హాయిగా వాయించాడు. నాకు ఆ రెండూ వెంటవెంటనే వినడం ఇష్టం.

ఆ రికార్డులోనే భార్య పేరు పెట్టిన ‘నైమా’ ఉంది. ఒక్కో స్వరం మీదా నిలబడి వాయించిన విలంబకాలపు పాట. ఇంత వేగంగా పరుగెత్తగలవాడు అంత నిదానంగానూ నడవగలడని తెలుస్తుంది.

తర్వాత సొంత బృందం కుదిరింది. పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్, కొంత తర్వాత బేస్ మీద జిమ్మీ గారిసన్. నాదస్వరం ఛాయలు వినిపించే సొప్రానో సాక్సోఫోన్ పట్టి, ‘మై ఫేవరిట్ థింగ్స్’ అనే నాటకం పాటను దాదాపు పద్నాలుగు నిమిషాలు సాగదీశాడు. ఇక్కడే మన దేశం వస్తుంది. రవిశంకర్ సంగీతం అతన్ని బాగా పట్టుకుంది. ఆయన్ని కలిసి రాగాల గురించి అడిగి తెలుసుకున్నాడు. 1961 నవంబరులో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేసిన ఒక పాటకు ‘ఇండియా’ అనే పేరు పెట్టాడు. అందులో ఇద్దరు బేస్ వాద్యకారులు కలిసి తంబుర శ్రుతిలా నిలబెడతారు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ రవి కోల్ట్రేన్ కూడా సాక్సోఫోన్ విద్వాంసుడే.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలలకు కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశాడు. అయిదారు నిమిషాల పాట, మాటల్లేవు. పనులు చేసుకుంటూ వినే పాట కాదది.

1964 డిసెంబరు 9న, న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, ఒకే రోజు ‘ఎ లవ్ సుప్రీమ్’ పూర్తయింది. నాలుగు భాగాలు, ముప్పై మూడు నిమిషాలు. వ్యసనం నుంచి బయటపడిన 1957 నాటి అనుభవానికి దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత అది. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పలుకుని పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతాడు. చివరి భాగంలో తను రాసుకున్న ప్రార్థన గీతాన్ని అక్షరం అక్షరం సాక్సోఫోన్ మీద పలికించాడు. ఆ గీతాన్ని రికార్డు అట్ట మీద అచ్చువేశారు. వీణ మీద కీర్తన వాయిస్తూ సాహిత్యం పలికించే సంప్రదాయం తెలిసిన మనకు ఇది వింతగా ఉండదు. ఆ గీతాన్ని చూసుకుంటూ వినండి, వేరే పాటలా ఉంటుంది.

మా వాదన ముదిరేది ఆ తర్వాతే. అభిమానులు అలాంటిదే ఇంకొకటి కోరుకుంటుంటే, 1965 జూన్‌లో పదకొండుమందితో ‘అసెన్షన్’ వాయించాడు. నలభై నిమిషాల పైచిలుకు హోరు. ఆ దారి నచ్చక టైనర్, జోన్స్ కొన్ని నెలల్లోనే బృందం వదిలి వెళ్ళారు. పియానో దగ్గరికి రెండో భార్య ఆలిస్ వచ్చింది. కచేరీల మధ్యలో లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. న్యూజెర్సీ మిత్రుడు అసలు కోల్ట్రేన్ అక్కడే మొదలవుతాడంటాడు. నేను ‘అసెన్షన్’ పూర్తిగా విన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాని 1967 ఫిబ్రవరిలో రషీద్ అలీ డ్రమ్స్‌తో ఇద్దరే వాయించిన ‘ఇంటర్‌స్టెల్లార్ స్పేస్’ విన్నప్పుడు మాత్రం మావాడి మాట కొట్టిపారెయ్యలేను. పేరు, డబ్బు, అచ్చొచ్చిన బృందం అన్నీ ఉన్న మనిషి వాటిని పణంగా పెట్టి నేర్చుకోవడానికే కూర్చున్నాడు.

ఆ రికార్డు బయటికొచ్చింది 1974లో. వినడానికి ఆయన లేడు. కాలేయ క్యాన్సర్‌తో 1967 జూలై 17న పోయాడు. కొడుకు రవికి అప్పటికి రెండేళ్ళు నిండలేదు.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. 1963 మార్చి 6న ఆయన బృందం రికార్డు చేసిన పాటల అసలు టేపు కంపెనీ దగ్గర మిగల్లేదు. ఇంటికి తెచ్చుకున్న నకలు మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర ఉండిపోయి, 2018లో ‘బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్’ పేరుతో విడుదలైంది. మర్నాడు, మార్చి 7న, అదే బృందం గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో మెత్తని ప్రేమపాటలు చేసింది. జాజ్ ఎప్పుడూ విననివాళ్ళు ఆ హార్ట్‌మన్ రికార్డుతో మొదలుపెట్టి, తర్వాత ముందురోజు టేపుకి వెళ్ళండి. మిగతా ముగ్గురూ ఈ వరస ఒప్పుకోరు.