సీటు వచ్చిన తరువాత: ఆనందీబాయి జోషి

మా పెద్దమ్మ కూతురికి ఈ ఏడు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఇంట్లో సంబరం రెండు రోజులే. మూడో రోజు నుంచి లిస్టు మొదలైంది. తెల్ల ఏప్రన్లు రెండు, సర్టిఫికెట్ల జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, బకెట్టు, పరుపు, సీనియర్ల దగ్గర పాత ఎముకల సెట్టు దొరుకుతుందేమో కనుక్కోవడం. చద్దర్లు మాత్రం కొనక్కర్లేదు, సోలాపూర్‌లో మా అందరి ఇళ్ళలోనూ అవి ఉండనే ఉంటాయి. లిస్టు ఒక పక్క, చుట్టాల ప్రశ్నలు ఇంకో పక్క. అంత దూరం ఒక్కతే ఎలా ఉంటుంది, అక్కడ తిండి పడుతుందా, చదువయ్యేసరికి వయసెంత అవుతుంది, అప్పుడు సంబంధం ఎక్కడ దొరుకుతుంది. అక్క లిస్టు రాసుకుంటూనే ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది.

అది చూస్తుంటే నాకు ఆనందీబాయి జోషి గుర్తొచ్చింది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది ఎక్కువగా మరాఠీ. అందుకే ఆమె పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. బడిలో మాకు ఆమె ఒకే ఒక్క వాక్యం: అమెరికా వెళ్ళి డాక్టరు అయిన మొదటి భారతీయ స్త్రీ. ఒక మార్కు ప్రశ్న, ఒక మార్కు జవాబు. ఈసారి సెలవుల్లో ఆమె జీవితం మొత్తం చదివాను. వెళ్ళడానికీ డాక్టరు కావడానికీ మధ్య ఏం జరిగిందో ఆ ఒక్క మార్కులో లేదని తెలిసింది. ఆమెను వచ్చింది, వెళ్ళింది అనే రాస్తున్నాను. అగౌరవం అనుకోవద్దు. ఓడ ఎక్కినప్పుడు ఆమె మనకంటే చిన్నది.

1865 మార్చి 31న పుట్టింది. పుట్టింటి వాళ్ళది ముంబయి దగ్గరి కల్యాణ్. వాళ్ళు పెట్టిన పేరు యమున. తొమ్మిదేళ్ళకే పెళ్ళయింది. భర్త గోపాలరావు జోషి తపాలా ఆఫీసులో గుమాస్తా, ఆమెకన్నా సుమారు ఇరవై ఏళ్ళు పెద్ద, మొదటి భార్య పోయినవాడు. అత్తవారింటి పేరు ఆనంది. గోపాలరావుకి భార్యని చదివించాలని పట్టుదల. ఆ కాలంలో చదువుతోందని భార్యని కొట్టేవాళ్ళు ఉన్నారు, ఈయన చదవడం లేదని కొట్టేవాడు. ఈ మాట రాయకుండా దాటేయొచ్చు, చాలామంది దాటేశారు కూడా. కానీ ఆయన పట్టుదలా, ఆయన దెబ్బలూ రెండూ ఒకే ఇంట్లోవి. ఒకటి చెప్పి రెండోది దాచితే ఆమె ఎంత మోసిందో మనకి తెలియదు.

పద్నాలుగేళ్ళకు ఆమెకు మగబిడ్డ పుట్టాడు. పది రోజులే బతికాడు. సరైన వైద్యం అందలేదు. ఆడవాళ్ళు మగ డాక్టరుకి ఒళ్ళు చూపించుకోని రోజులు, ఆడ డాక్టర్లు లేని రోజులు. డాక్టరు కావాలని ఆమె అనుకున్నది అప్పుడే.

అంతకుముందే గోపాలరావు అమెరికాలోని ఒక మిషనరీ పత్రిక సంపాదకుడు వైల్డర్‌కి ఉత్తరం రాశాడు. తన భార్య అక్కడ చదువుకోవడానికి సాయం చేస్తారా అని అడిగాడు. క్రైస్తవం తీసుకుంటే చూద్దామన్నట్టు జవాబు వచ్చింది. వాళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాలు పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీలోని రోజెల్ అనే ఊళ్ళో ఉండే థియోడీసియా కార్పెంటర్ అనే ఆవిడ, పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఆ పత్రిక తిరగేసింది. ముక్కూ మొహం తెలియని ఆ అమ్మాయికి 1880లో ఉత్తరం రాసింది. అలా మొదలైన ఉత్తరాలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఆనందీబాయి ఆవిడను మావశీ అని పిలిచేది. మరాఠీలో మావశీ అంటే పిన్ని.

ఆ ఉత్తరాల్లో ఒక సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆనందీబాయికి ఆరోగ్యం బాగుండేది కాదు. విడవని తలనొప్పి, నీరసం, అప్పుడప్పుడు జ్వరం, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. కార్పెంటర్ అమెరికా నుంచి మందులు పంపింది. గుణం కనిపించలేదు. అంటే అమెరికా వెళ్ళాక జబ్బు పడిందని మనం అనుకునేది సగమే నిజం. బయలుదేరేనాటికే ఆమె ఒంట్లో బాగాలేదు.

1883 నాటికి గోపాలరావు ఉద్యోగం బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో. ఆయనకి వెంట వెళ్ళడానికి కుదరలేదు. ఒంటరిగా పంపిద్దామని నిర్ణయించాడు. ఈ వార్త బయటికి రాగానే ప్రశ్నలు మొదలయ్యాయి. దారిలో వెళ్తుంటే ఆపి అడిగేవాళ్ళు, వెనక నుంచి మాటలనేవాళ్ళు. దానికి ఆమె చేసిన పని చూడండి. 1883 ఫిబ్రవరి 24న శ్రీరాంపూర్ కాలేజీ హాల్లో నిలబడి ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చింది. అప్పటికి పదిహేడేళ్ళు. జనం అడిగే ప్రశ్నలన్నిటినీ వరసగా తానే చెప్పి, ఒక్కోదానికీ తానే జవాబిచ్చింది.

అమెరికా ఎందుకు, ఇక్కడ చదువు లేదా అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ మద్రాసులోని కాలేజీ తప్ప ఆడవాళ్ళకి పూర్తి వైద్య విద్య చెప్పే చోటు లేదని, మిగతా చోట్ల ఉన్నవి మంత్రసాని పని నేర్పే తరగతులేనని వివరించింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే ఆడవాళ్ళని చేర్చుకుంది. కానీ అక్కడ కూడా ఒంటరి హిందూ స్త్రీ గౌరవంగా చదువుకోగలదని ఆమెకి నమ్మకం లేదు. ఒక్కతే ఎలా వెళ్తావు, వెళ్ళొస్తే కులం నుంచి వెలివేయరా, ఏమైనా జరిగితే ఎలా, ఇంతవరకు ఏ ఆడదీ చెయ్యని పని నీకెందుకు అని మిగతా ప్రశ్నలు. వెలి గురించి ఆమె చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. తన తిండీ బట్టా ఏమీ మార్చుకోననీ, హిందువుగా వెళ్ళి హిందువుగానే తిరిగి వస్తాననీ చెప్పింది. అది అక్కడున్న వాళ్ళందరి ముందూ ఇచ్చిన మాట.

ఆ మాటతో ఊళ్ళో కొంత వాతావరణం మారింది, సాయం చేసేవాళ్ళూ దొరికారు. వైస్రాయి కూడా చందా ఇచ్చాడు. అయినా ఓడ ఖర్చుకి నాన్న పెట్టిన బంగారు గాజులు అమ్మాల్సి వచ్చింది. మార్చి 31న పద్దెనిమిది నిండాయి. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 7న, కలకత్తాలో ఓడ ఎక్కింది. తోడుగా ఉన్నవాళ్ళు తెలిసినవాళ్ళకి తెలిసిన దొరసానులు, అంతే. జూన్ 4న న్యూయార్క్‌లో దిగింది. ఉత్తరాల మావశీ అక్కడ ఎదురుచూస్తోంది.

రోజెల్ చేరిన నెలలోపే ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీకి దరఖాస్తు రాసింది. 1850లో ఆడవాళ్ళ కోసమే పెట్టిన కాలేజీ అది. ఆ దరఖాస్తులో గొప్పలేమీ లేవు. మీరు అడిగే అర్హతలన్నీ నాకు లేకపోవచ్చు, కానీ అందరూ వద్దన్నా ఇంతదూరం వచ్చిన పట్టుదల ఉంది, మా దేశంలో మగ డాక్టరు దగ్గరికి పోలేక బాధపడే ఆడవాళ్ళకి వైద్యం చెయ్యాలని వచ్చాను అన్నది దాని సారాంశం. డీన్ రేచల్ బాడ్లీ ఆమెను చేర్చుకుంది. సీటు వచ్చింది.

క్లాసులు అక్టోబరులో. ఈ మధ్యలోని వేసవి అంతా మావశీ ఇంట్లో గడిచింది. ఆమె లిస్టు ఎలా ఉండి ఉంటుందా అని నేను ఆలోచించాను. మనం కొనుక్కునే వస్తువుల లిస్టు కాదు, మాట నిలబెట్టుకోవాల్సిన లిస్టు. మాంసం ముట్టకూడదు. చీర వదలకూడదు. మన తొమ్మిది గజాల కాసె కట్టుతో పిక్కలు బయటికి కనిపిస్తాయి, అక్కడి చలికి అది కుదరదు. అందుకని గుజరాతీ పద్ధతిలో, పాదాల దాకా వచ్చేలా కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చిన్న మార్పుకి కూడా కారణం వివరిస్తూ ఇంటికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. ఏడువేల మైళ్ళ పైన ఉన్నా, చీరకట్టుకి జవాబు చెప్పక తప్పలేదు.

ఫిలడెల్ఫియాలో చలి, సరిపడని తిండి, సరిగ్గా వేడెక్కని గది. ఉన్న జబ్బు ముదిరింది. క్షయ. ఆ జబ్బుకి కారణమైన క్రిమిని రాబర్ట్ కాఖ్ కనిపెట్టింది 1882లో, అంటే ఆమె ఓడ ఎక్కడానికి ఏడాది ముందే. కానీ మందు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. అందుకే ఆమె మాంసం తిని ఉంటేనో, ఉన్ని గౌను వేసుకుని ఉంటేనో బతికేదని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. నాకు అనిపించేది వేరు. జనం ప్రశ్నలన్నిటికీ ఆమె సిద్ధంగా ఉంది, తన ఒంటికి ఏం కావాలో అడిగినవాళ్ళు మాత్రం ఆ హాల్లో ఎవరూ లేరు. వెలివేస్తారేమో అని అడిగారు. చలికి ఏం కప్పుకుంటావని అడగలేదు.

అయినా చదువు ఆగలేదు. 1885 అక్టోబరులో తీసిన ఒక ఫొటో ఉంది, మీరు కూడా చూసే ఉంటారు. చీరలో ఆనందీబాయి, పక్కన జపాన్ నుంచి వచ్చిన కేయి ఒకామి, సిరియా నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ. ముగ్గురూ తమ తమ దేశపు బట్టల్లో. ముగ్గురి మొహాల్లోనూ నవ్వు లేదు. ఫొటో చూసిన ప్రతిసారీ వాళ్ళు కాలేజీలో ఏ భాషలో కబుర్లు చెప్పుకునేవాళ్ళో అనుకుంటాను.

1886 మార్చి 11న ఎం.డి. పట్టా అందుకుంది. హిందువుల్లో ప్రసూతి వైద్యం గురించి సిద్ధాంత వ్యాసం రాసింది. పట్టా ఇచ్చే రోజున గోపాలరావు అక్కడే ఉన్నాడు. పండిత రమాబాయి సముద్రం దాటి వచ్చింది. డీన్ ఈ సంగతి విక్టోరియా రాణికి తెలియజేస్తే అక్కడి నుంచి అభినందన వచ్చింది. కొల్హాపూర్ సంస్థానం వాళ్ళు తమ ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి డాక్టరుగా రమ్మన్నారు.

ఆ ఏడాది చివర్లో బొంబాయి రేవులో దిగింది. వెలివేస్తామన్న సమాజమే ఎదురొచ్చి స్వాగతం చెప్పింది. కానీ కొల్హాపూర్ వార్డులో ఆమె ఒక్క రోగి చెయ్యి కూడా పట్టుకుని చూడలేదు. 1887 ఫిబ్రవరి 26న పూణేలో చనిపోయింది. ఇరవై రెండు నిండడానికి ఇంకా నెల ఉంది. అస్థికలను మావశీకి పంపించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీ శ్మశానంలో, కార్పెంటర్ కుటుంబం వాళ్ళ చోటులో ఆమెకు సమాధి ఉంది.

ఒక్క రోగినీ చూడని డాక్టరుని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. ఆ హాల్లో ఆమె జవాబు చెప్పిన ప్రశ్నల్లో కొన్ని తరువాతి అమ్మాయిలు మళ్ళీ వినాల్సిన పని లేకుండా పోయింది. ఓడ ఎక్కితే కులం పోతుందా అని మా అక్కని ఎవరూ అడగలేదు. మిగిలినవి ఇంకా అడుగుతూనే ఉన్నారు, నిజమే. అవి కూడా ఒక్కొక్కటే తగ్గుతాయేమో.

అక్క ప్రయాణం ఆదివారం. నిన్న సాయంత్రం లిస్టులో కొన్నవాటికి టిక్కులు పెడుతుంటే కాగితం ఇటివ్వమన్నాను. కింద ఖాళీగా ఉన్న చోట ఇంకొకటి రాశాను. ఒంట్లో బాగాలేకపోతే దాచుకోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యి, ఇంటికి వచ్చెయ్యి, ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే జవాబు నేను చెప్తాను. అక్క చదివి నవ్వింది. కాగితం మడిచి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంది.