మూడు ముప్పావు డాలర్ల గిటార్

మా అమ్మాయిది ఎడమచేతి వాటం. అన్నం తినడం ఒక్కటే కుడిచేత్తో, అదీ మా అత్తగారి పోరు పడలేక. రాత, బొమ్మలు వేయడం, రిబ్బను ముడి వేసుకోవడం అన్నీ ఎడమచేత్తోనే. పదేళ్ల పిల్లకి ఈమధ్య గిటార్ మీద మనసు పోయింది. సరే కదా అని బజారుకి తీసుకెళ్తే, షాపతను దాని చెయ్యి చూసి పెదవి విరిచాడు. ఎడమచేతి వాళ్లకి వేరే గిటార్ తెప్పించాలట, ధర ఎక్కువట. ఆ మాత్రం దానికి ఆడపిల్లకి ఏ కీబోర్డో కొనిపెడితే పోలా అని ఉచిత సలహా ఒకటి. పిల్ల మొహం ఇంత చేసుకుంది. ఆ రాత్రి అన్నాలయ్యాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎలిజబెత్ కాటెన్ కథ చెప్పాను. మీకూ చెప్తాను వినండి.

ఆవిడ 1893లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, చాపెల్ హిల్ పక్కనున్న కార్‌బరోలో పుట్టింది. నల్లవాళ్ల కుటుంబం. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. ఇంటి దగ్గరలోనే రైలు పట్టాలు. అన్నయ్యకో బాంజో ఉండేది. అతను పనికి వెళ్లగానే చెల్లెలు ఆ బాంజో తీసి వాయించుకునేది. ఎడమచేతి వాటం కనక దాన్ని తిరగేసి పట్టుకునేది. అలా కాదు, ఇలా అని సరిదిద్దే గురువు ఎవరున్నారు గనక! కొన్నాళ్లకి అన్నయ్య బాంజో పట్టుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పిల్లకి చేతులు ఖాళీ అయిపోయాయి.

అప్పుడే నిశ్చయించుకుంది, తనకంటూ ఒకటి కొనుక్కోవాలని. బడి మానేసి ఇళ్లల్లో పనికి కుదిరింది. ఊడవడం, వంట, పిల్లల్ని చూసుకోవడం. జీతం నెలకి 75 సెంట్లు. గిటార్ ధర 3 డాలర్ల 75 సెంట్లు. లెక్క వేసి చూడండి, ఒక్క సెంటు ఖర్చుపెట్టకుండా దాస్తే అయిదు నెలల కష్టం! అంతా కలిపి పదకొండు, పన్నెండేళ్ల పిల్ల. ఆ డబ్బు పోగుచేసి గిటార్ ఇంటికి తెచ్చుకుంది.

గిటార్‌కి ఆరు తీగలుంటాయి. ఒళ్లో పెట్టుకుంటే లావు తీగలు పైకి, సన్నవి కిందికి వస్తాయి. బొటనవేలు లావు తీగల మీద మంద్రస్వరం పలికిస్తుంది, మిగతా వేళ్లు సన్నతీగల మీద పాట పలికిస్తాయి. ఎడమచేతి వాళ్లు మామూలుగా తీగలు విప్పి, వరస మార్చి కట్టుకుంటారు. ఈ పిల్ల అదేమీ చెయ్యలేదు. గిటార్‌నే తిరగేసి పట్టుకుంది. దాంతో బొటనవేలు పాట వాయిస్తే, వేళ్లు మంద్రం వాయించాయి. వినేవాళ్లకి ఇద్దరు కూర్చుని వాయిస్తున్నట్టుండేది. ఆ పద్ధతికి తర్వాత రోజుల్లో కాటెన్ పికింగ్ అని ఆవిడ పేరే పెట్టారు. ఇంటి పక్కనుంచి పోయే గూడ్సుబండి మీద ఫ్రైట్ ట్రైన్ అన్న పాట కట్టింది కూడా ఆ వయసులోనే.

ఆ తర్వాత మన అందరి కథే. ఇరవై నిండకుండా పెళ్లి, ఒక కూతురు, సంసారం. లౌకికమైన పాటలు తగవని చర్చి పెద్దలు చెప్పారు. గిటార్ మూలపడింది. ఒకటీ రెండూ కాదు, పాతికేళ్ల పైమాటే.

ఇక్కడికొచ్చేసరికి నా గొంతు పట్టేసింది. మా అమ్మ బొబ్బిలి నుంచి తెప్పించిన వీణ మా అటక మీద పదిహేనేళ్లుగా గుడ్డ కప్పుకుని ఉంది. నన్ను వాయించొద్దన్న వాళ్లు లేరు. వాయించమన్న వాళ్లూ లేరు. రోజులు గడిచిపోయాయంతే.

మళ్లీ ఆవిడ దగ్గరికొద్దాం. భర్తతో విడిపోయాక వాషింగ్టన్‌లో కూతురి దగ్గరికి చేరింది. 1940ల్లో ఒక పెద్ద బట్టల, సామాన్ల దుకాణంలో బొమ్మలమ్మే పని. ఒకరోజు తప్పిపోయి తిరుగుతున్న చిన్నపిల్లని పట్టుకుని తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరున్న సంగీత రచయిత్రి. ఆ పిల్ల పెగ్గీ. అలా వాళ్లింట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి గోడకో గిటార్ వేలాడుతుండేది. పని మధ్యలో ఒకరోజు దాన్ని దింపి వాయిస్తూ పెగ్గీ కంటపడింది. అన్నేళ్లయినా వేళ్లు మరిచిపోలేదు!

పెగ్గీ ఆ పాటని ఇంగ్లండు తీసుకెళ్తే, అక్కడ ఇంకెవరో తమ పేరున రాసుకున్నారు. 1957లో అది పెద్ద హిట్టయింది. సీగర్ కుటుంబం పూనుకున్నాకే పాటకి అసలు మనిషి పేరు వచ్చింది. పెగ్గీ అన్న మైక్ ఆవిడ పాటలు రికార్డు చేస్తే 1958లో మొదటి ఎల్పీ వచ్చింది. 1960లో మొదటిసారి కచేరీ వేదిక ఎక్కింది. అప్పటికి అరవై ఏడేళ్లు! పేరొచ్చాక కూడా కొన్నేళ్లు ఇళ్లల్లో పని చేస్తూనే ఉంది. చివరికి పాటల సంపాదనతోనే సిరక్యూస్‌లో ఇల్లు కొనుక్కుంది. తొంభై దాటాక, 1985లో గ్రామీ అవార్డు అందుకుంది. 1987లో కన్నుమూసింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ ఆవిడ పేరు చేర్చారు.

కథ విని మా అమ్మాయి లేచి కూర్చుంది. మర్నాడు వేరే షాపుకి వెళ్లాం. ఈసారి నేనూ కాస్త తెలుసుకునే వెళ్లాను. పదేళ్ల పిల్ల చేతికి పూర్తి సైజు అందదు, ముప్పావు సైజు తీసుకోవాలి. మొదట్లో ఇనప తీగలు వేళ్లని కోసేస్తాయి, నైలాన్ తీగలు మెత్తన. తీగలు మెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటే నొక్కలేక పిల్లలు విసిగిపోతారు. ఒక్కో మెట్టూ నొక్కి, జరజరమనకుండా పలుకుతోందో లేదో చూడాలి. మా అమ్మాయి కుడివైపూ పట్టుకుని చూసింది, ఎడమవైపూ చూసింది. ఎడమే హాయిగా ఉందంది. గిటార్‌ని తిరగేసి వాయిస్తే మాస్టారు చూపించే వేళ్ల పటాలతో కుదరదు కనక, తీగలు వరస మార్చి కట్టించాం. తీగలు కూర్చునే గాళ్లు కూడా లావుకి తగ్గట్టు మార్చాలని బాగుచేసే అతను చెప్తే, ఆ పట్టీ కూడా వేయించాం.

నిన్న స్టూలు వేసుకుని అటకెక్కాను. వీణ తీగలు తుప్పుపట్టాయి. మైనం ఎండి రెండు మెట్లు ఊడాయి. మా అమ్మాయి గుడ్డ తెచ్చి దుమ్ము తుడుస్తూ, ఇది ఎడమచేత్తో వాయించొచ్చా అమ్మా అనడిగింది. బాగుచేసేవాళ్లు దొరకనీ, కనుక్కుందాం అన్నాను.